‘గాంగ్ ఆఫ్ ఫోర్’: వినోదమూ, వినోదంపై విమర్శా

1979 సెప్టెంబరులో ఇంగ్లండులో వెలువడిన ఒక రికార్డుకు దాని కర్తలు ‘ఎంటర్‌టైన్‌మెంట్!’ అని నామకరణం చేశారు. వినోదమని దాని అర్థం. చివర నొక ఆశ్చర్యార్థకం. అట్ట మీద ఎర్రని నేల. ఆ నేల మీద ఒక కౌబాయ్, ఒక అమెరికా ఆదివాసి కరచాలనం చేసుకొంటున్న బొమ్మ మూడుసార్లు ముద్రితమై ఉన్నది. బొమ్మల చుట్టూ ఉన్న మాటల సారాంశ మిది: ఎదుటివాడు తనకు మిత్రుడని ఆదివాసి నవ్వుతున్నాడు, ఎదుటివాడు మోసపోయినాడని కౌబాయ్ నవ్వుతున్నాడు. నవ్వు ఒక్కటే, అర్థాలు రెండు. రికార్డును కొన్నవాడు తాను ఈ ఇద్దరిలో ఎవరో తేల్చుకొనవలసిన భారం, పాట వినక పూర్వమే, అతని మీద పడుతుంది.

ఆ కర్తలు నలుగురు. వారి బృందం పేరు ‘గాంగ్ ఆఫ్ ఫోర్’. మావో మరణానంతరం 1976 అక్టోబరులో చైనాలో నిర్బంధింపబడిన నలుగురు నాయకులను పత్రికలు నలుగురి ముఠా అని వ్యవహరించినవి. నలుగురు యువకుల సంగీత బృందానికి ఆ పేరు సగం పరిహాసంగాను, సగం నిజంగాను అతికినది.

కళలో రాజకీయ భావానికి గల స్థానాన్ని గురించి మన దేశంలో అభ్యుదయ సాహిత్యోద్యమ కాలం నుండి సాగుతున్న వాదం పాఠకులకు సుపరిచితమే. భావం ఉదాత్తమైతే చాలునా, ఆ భావాన్ని రూపం కూడా మోయవలెనా అన్నదే ఆ వాదానికి మూలం. గాంగ్ ఆఫ్ ఫోర్ రచనను ఆ దృష్టితో పరిశీలిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. వీరి రాజకీయం మాటలలో ఉన్నంతకంటె వాయిద్యాలు ఒకదాని నుండి ఒకటి ఎడంగా నిలిచే తీరులో ఎక్కువగా ఉన్నది. తరువాతి నలుబది సంవత్సరాలలో వీరిని అనుసరించినవారు అనేకులు ఆ తీరును నేర్చుకొని, అది ఎందుకు పుట్టినదో అడుగక విడిచిపెట్టారు. ఈ బృందపు కీర్తిలో గల చిక్కు అంతా ఇక్కడే ఉన్నది.

గాయకుడు జాన్ కింగ్, గిటారు వాదకుడు ఆండీ గిల్ కెంట్ మండలంలోని సెవెనోక్స్ పాఠశాలలో సహాధ్యాయులు. ఇద్దరూ ఉత్తర ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో చిత్రకళాశాఖలో చేరారు. 1976లో ఆ శాఖకు ఆచార్యుడుగా వచ్చిన టి. జె. క్లార్క్ చిత్రకళా చరిత్రను సామాజిక సంఘర్షణల వెలుగులో బోధించినవాడు. యౌవనంలో ‘సిచ్యుయేషనిస్టు’లనే ఐరోపీయ విప్లవ కళాకారుల సంఘంలో సభ్యుడై, 1967లో అందులోనుండి బహిష్కృతుడైనవాడు. నేటి సమాజంలో జీవితం అనుభవించుటకు గాక చూచుటకు పెట్టిన ప్రదర్శనగా మారుతున్నదనీ, మనిషి తన కోరికలను సైతం అంగడిలోనే కొనుక్కొంటున్నాడనీ ఆ సంఘం వాదించినది. అందరికీ తెలిసిన బొమ్మ నొకదానిని తీసుకొని, దాని క్రింద తలక్రిందులైన మాటలు చేర్చడం వారికి ప్రియమైన ప్రక్రియ. పైన చెప్పిన అట్టబొమ్మ ఆ బడిలో నేర్చినదే.

డ్రమ్ములు వాయించిన హ్యూగో బర్న్‌హామ్ అదే విశ్వవిద్యాలయంలో నాటక విద్యార్థి. బాస్ గిటారు వాయించిన డేవ్ అలెన్ మాత్రం కెండల్ అనే ఊరి నుండి వచ్చి, ఒక ప్రకటన చూచి చేరినవాడు. తక్కిన ముగ్గురికి ఊహలు ఎక్కువ, సాధన తక్కువ. అలెన్ చేయి తిరిగిన వాద్యకారుడు. ఈ కలయికను విమర్శకులు తగినంతగా గుర్తించలేదు. అలెన్ రాకపోయినట్లయితే ఈ బృందం ఒక పరిశోధన వ్యాసంగా మిగిలిపోయి ఉండేది.

అది పంక్ సంగీతం పుట్టిన కాలం. మూడు స్వరాలు తెలిస్తే ఎవరైనా బృందం కట్టవచ్చునని పంక్ ప్రకటించినది. అయితే ఆ తిరుగుబాటు వేషంలో క్రొత్తదేగాని సంగీతంలో పాత రాక్ సంగీతమే, వేగం హెచ్చినది. ఆ సంగతి గ్రహించి, స్వాతంత్ర్యాన్ని ఉంచుకొని సంగీతాన్ని మార్చబూనిన వారి ధోరణికి ‘పోస్ట్-పంక్’ అని పేరు వచ్చినది.

అప్పటి లీడ్స్ నగరం ప్రశాంతమైనది కాదు. నేషనల్ ఫ్రంట్ అనే జాత్యహంకార పక్షం ఉత్తరాది నగరాలలో బలపడుతున్నది. భారత, పాకిస్తాన్, కరీబియన్ ప్రాంతాలనుండి వెళ్ళి మిల్లులలో, బస్సులలో, ఆసుపత్రులలో పనిచేస్తున్న కుటుంబాలను దేశంనుండి పంపివేయవలెనన్నది ఆ పక్షం ఘోష. దానికి ప్రతిగా 1976లో ‘రాక్ అగైనెస్ట్ రేసిజం’ అనే సంగీతకారుల ఉద్యమం లేచినది. లీడ్స్‌లో దాని వేదికలపై పాడినవారిలో గాంగ్ ఆఫ్ ఫోర్ ఒకరు. 1979 ఏప్రిల్ 23వ తేదీన లండను శివారులోని సౌతాల్‌లో, పంజాబీ కుటుంబాలు అధికంగా నివసించేచోట, నేషనల్ ఫ్రంట్ సభకు నిరసనగా జరిగిన ప్రదర్శనలో బ్లెయిర్ పీచ్ అనే ఉపాధ్యాయుడు తలకు దెబ్బ తగిలి మరణించాడు. మే నెలలో మార్గరెట్ థాచర్ ప్రధానమంత్రి అయినది. అటుపిమ్మట నాలుగు నెలలకు ఈ రికార్డు వెలువడినది. దక్షిణాసియా పాఠకునికి ఈ చరిత్ర పూర్తిగా పరాయిది కాదు.

ఇక సంగీతం. రాక్ సంగీతంలో గిటారు రాజు, తక్కినవి పరివారం. గిటారు నాదం నేలనంతా కప్పుతుంది. బాస్ దానికి పునాది వేస్తుంది. డ్రమ్ములు లెక్క చెప్పుతవి. గాంగ్ ఆఫ్ ఫోర్ ఈ సంస్థానాన్ని రద్దుచేశారు. రాగరేఖ బాస్ చేతిలోనికి పోయినది. గిటారు చెక్కపై ఉలి పడ్డట్టు ఒక్కొక్క చిన్న దెబ్బ వేసి ఊరుకొంటుంది. డ్రమ్ములు గిటారు విడిచిన చోట ప్రవేశించి, అది తిరిగి వచ్చేసరికి తప్పుకొంటవి. వాల్వు యాంప్లిఫయరులోని వెచ్చదనం రాక్ వాద్యకారులకు ప్రాణపదం. గిల్ ఆ వెచ్చదనాన్ని వర్జించి, ట్రాన్సిస్టరు యాంప్లిఫయరులోని చల్లని, పొడి నాదాన్ని కోరుకొన్నాడు. తీగను సాగదీసి కరుణ పుట్టించే వాదనం అతనిలో కనబడదు. డాక్టర్ ఫీల్‌గుడ్ బృందంలోని విల్కో జాన్సన్ తెగగొట్టినట్టు వాయించే తీరు, అమెరికా నల్లజాతివారి ఫంక్ లయ, జమైకాలోని డబ్ సంగీతంలో వాయిద్యాలను ఒక్కొక్కటిగా తొలగించి ఖాళీని వినిపించే పద్ధతి - ఈ మూడింటి జాడలు ఇందులో కనిపిస్తవి. అయినను ఫలం ఆ మూడింటిలో దేనినీ పోలదు.

ఎడతెగని తంబుర శ్రుతికి అలవాటుపడిన భారతీయ శ్రోతకు ఈ సంగీతం మొదట దరిద్రంగా తోచవచ్చు. ఆధారశ్రుతి అంటూ ఏదీ లేదు; ఆనుకొనడానికి గోడ లేదు. కొంత విన్న పిమ్మట ఆ ఖాళీలే పాటను నడుపుతున్నట్లు తెలిసివస్తుంది. నాలుగు వాయిద్యాలలో ఏదీ మరొకదానికి సేవకం కాదు. ‘ఎంటర్‌టైన్‌మెంట్!’లోని పన్నెండు పాటల కర్తృత్వం కూడా నలుగురి పేరనే ఉన్నది. సమానత్వాన్ని గురించి పాట వ్రాయడం సులభం. పాటను సమానంగా పంచడం కష్టం. అదియును గాక ఈ లయకు కాలు నిలువదు. శ్రోత ఆడుతూ ఉంటాడు, ఆడుతూనే సందేహపడుతూ ఉంటాడు. ఆలంకారికుల పరిభాషలో చెప్పవలెనంటే, ఇందులో వాచ్యం కంటె వ్యంగ్యమే ప్రధానం. ఆ వ్యంగ్యం పుట్టేది స్వరాల నడుమ మౌనంలో.

దీనికి తార్కాణంగా రెండు పాటలను కొంచెం వివరంగా చూడవచ్చును. ‘ఆంత్రాక్స్’ అనే పాట చాలసేపు గిటారు ఊళతో మొదలవుతుంది. తరువాత ఒక చెవిలో కింగ్ పాడుతాడు. ప్రేమ పశువులకు వచ్చే దొమ్మరోగం వంటిదని ఆ పాట సారం. అదే సమయంలో రెండవ చెవిలో గిల్ ఉద్రేకమేమీ లేకుండా మాట్లాడుతూ ఉంటాడు. 1978లో ఎడింబరోలోని ‘ఫాస్ట్ ప్రోడక్ట్’ అనే చిన్న సంస్థ ప్రకటించిన మొదటి రికార్డులో అతని మాటలు ఆ పాటను యంత్రాలపై ఎట్లు ముద్రించినారో వివరిస్తవి. మరుసటి యేడు చేసిన రూపంలో, లోకంలో ఇన్ని ప్రేమగీతాలు ఎందుకున్నవని ఆ గొంతు విచారిస్తుంది. శ్రోత ఒక గొంతును వినబోతే రెండవది జారిపోతుంది. రెండింటిని ఒక్కసారి పట్టుకొనడం సాధ్యం కాదు. పాటలో మునిగిపోవడానికి వీలులేకుండా, ఇది తయారుచేయబడిన వస్తువని పాటయే ప్రక్కనుండి జ్ఞాపకం చేస్తుంది.

‘ఈథర్’లో ఇదే ఉపాయం మరింత నిర్దయగా పనిచేసినది. అక్కడ ఒక గొంతు సుఖాన్ని గురించి చెప్పుతుంది. దానికి వంత పలుకవలసిన రెండవ గొంతు ఉత్తర ఐర్లండులోని లాంగ్ కెష్ కారాగారంనుండి పలుకుతుంది. 1971లో విచారణ లేకుండా నిర్బంధింపబడిన వారిలో కొందరిని ముసుగులు తొడిగి, గోడకానించి నిలబెట్టి, ఎడతెగని రొద వినిపించి, నిద్రా, ఆహారమూ లేకుండా చేసి ప్రశ్నించినారు. ఇది అమానుషమూ, అవమానకరమూ అయిన వర్తన అని 1978 జనవరిలో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం తీర్పు చెప్పినది. దానిని చిత్రహింస అనుటకు మాత్రం ఆ న్యాయస్థానం అంగీకరించలేదు. పాటలో ఈ వృత్తాంతమేదీ వివరించలేదు. ఒక గొంతు తరువాత ఒక గొంతు వస్తుంది, అంతే. సుఖమూ హింసా ఒకే పాటలో ఒకే తాళానికి కట్టుబడి ఉన్నవని చెవికి అర్థమవుతుంది. చివరకు ఒక సముద్రశిల క్రింద చమురు ఉండవచ్చునన్న మాట పదే పదే వచ్చి పాట ముగుస్తుంది. ఉపన్యాసకుడు గంటసేపు చెప్పవలసిన సామ్రాజ్య రాజకీయం ఆ ఒక్క మాటలో దిగినది.

‘నాట్ గ్రేట్ మెన్’ అనే పాట చరిత్రను మహాపురుషులు నిర్మించలేదని చెప్పుతుంది. బ్రెహ్ట్ కవితలో చదువుకొనే కార్మికుడు వేసిన ప్రశ్నలనూ, శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’నూ ఎరిగిన పాఠకునికి ఆ భావం క్రొత్తది కాదు. నిజం చెప్పవలెనంటే, భావంగా చూస్తే వారి కావ్యాల ముందు ఈ పాట పేలవమైనది. ఇదొక్కటే కాదు, కాగితం మీద చదివితే వీరి పాటలు చాలచోట్ల పాఠ్యగ్రంథంలోని పంక్తులవలె ఉంటవి. స్త్రీ పురుష సంబంధాన్ని బేరసారాల భాషలో చెప్పిన ‘డామేజ్డ్ గూడ్స్’, ‘కాంట్రాక్ట్’ పాటలు మాత్రం ఈ దోషానికి దూరం. అక్కడ అంగడి మాట పడకగదిలోనికి వచ్చి కూర్చుంటుంది, దానిని ఎవరూ వ్యాఖ్యానించరు. కాని అక్కడ కూడ మాట్లాడేది పురుషుడే. స్త్రీ గొంతు వినబడదు.

అంగడిని విమర్శించినవారు అంగడిలో ఉండవలసినదేనా? ఈ ప్రశ్న వీరిని మొదటినుండి వెంటాడినది. సమకాలికులు అనేకులు చిన్న స్వతంత్ర సంస్థలతోనే ఉండిపోగా, వీరు ఇ.ఎం.ఐ. అనే మహాసంస్థతో ఒప్పందం చేసుకొన్నారు. ఆ సంస్థ రికార్డులతోపాటు సైన్యానికి ఎలక్ట్రానిక్ పరికరాలు కూడా తయారుచేసేది. మిత్రులు నిందించారు. చిన్న అంగడి కూడ అంగడియే అన్న సమాధానంలో సత్యం లేకపోలేదు. పెద్ద అంగడిలో పోగొట్టుకొనేది ఎక్కువ అన్న మాటలో కూడ సత్యం ఉన్నది.

పరీక్ష త్వరలోనే వచ్చినది. 1979లో వారి ‘ఎట్ హోమ్ హి ఈజ్ ఎ టూరిస్ట్’ అనే పాట అమ్మకాల పట్టికలో 58వ స్థానానికి చేరినప్పుడు బి.బి.సి. వారి ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ కార్యక్రమానికి పిలుపు వచ్చినది. ఆ టెలివిజన్ కార్యక్రమంలో కనబడిన పాట మరుసటి వారం పట్టికలో పైకి పోవడం ఆనవాయితీ. పాటలో గర్భనిరోధక తొడుగులను సూచించే ఒక మాట ఉన్నది. అది మార్చవలెనని నిర్వాహకులు కోరారు. బృందంవారు దాని బదులు పొట్లాలను సూచించే మాట వేయుటకు సిద్ధపడ్డారు. నిర్వాహకులకు అది చాలలేదు. చెత్త అనే అర్థం వచ్చే మాట వేయుమన్నారు. మూలంలోని మాటకు అది ధ్వనిలో దగ్గరగా ఉండడంవల్ల మార్పు జరిగినట్లే తెలియదు. మాట మార్చడానికి ఒప్పుకొన్న యువకులు, మార్చినారన్న సంగతిని దాచడానికి ఒప్పుకొనక, వేదిక విడిచి వెళ్ళిపోయారు. పాట ఆ పైన పెరగలేదు. ఇది మొండితనమని కొందరు, ధర్మమని కొందరు అన్నారు. వారు గీచిన గీత ఎక్కడ ఉన్నదో గమనించవలసి ఉన్నది. ‘ఆంత్రాక్స్’లో రెండవ చెవిలో మాట్లాడే గొంతు చేసే పని అదే: తయారీని దాచవద్దని.

తరువాతి కథ త్వరగా చెప్పదగినది. 1981లో వచ్చిన ‘సాలిడ్ గోల్డ్’ మరింత బరువైనది, నెమ్మదైనది. దానిలో ‘పారలైజ్డ్’ అనే పాటను గిల్ పాడక పలుకుతాడు. ఆట నియమాలను నమ్మి ఓడిపోయి, పని లేక మిగిలిన మనిషి మాటలవి. బ్రిటనులో నిరుద్యోగుల సంఖ్య ముప్పది లక్షలకు చేరబోతున్న కాలం. ఆ పాటలో నినాదం ఒక్కటి కూడ లేదు. వీరి రచనలలో అత్యంత కరుణాపూర్ణమైనది ఇదే. ఆ యేడే అమెరికా పర్యటన మధ్యలో అలెన్ వెడలిపోయాడు. అతని స్థానంలో శారా లీ వచ్చినది. 1982లో ‘ఐ లవ్ ఎ మాన్ ఇన్ ఎ యూనిఫాం’ అనే పాట సైనిక వేషంపై గల మోజును ఎగతాళి చేసినది. ఫాక్లండ్ ద్వీపాల యుద్ధం రావడంతో బి.బి.సి. దాని ప్రసారాన్ని నిలిపివేసినది. పాట 65వ స్థానం దాటలేదు. నృత్యశాలలకు దగ్గరైన ఆ పాటలో మెరుగు హెచ్చినది, ఖాళీలు పూడుకొన్నవి. 1983లో బర్న్‌హామ్ కూడ లేకుండా, యంత్రపు డ్రమ్ములతో చేసిన ‘హార్డ్’ పేరులోనే కఠినం. 1984లో బృందం విడిపోయినది. 1991, 1995 సంవత్సరాలలో కింగ్, గిల్ కలసి చేసిన రెండు రికార్డులు మొదటి వాటి బలాన్ని అందుకోలేదు.

కాని వారి తొలి రికార్డు వారికంటె ఎక్కువగా సంచరించినది. కాలిఫోర్నియాలో మినిట్‌మెన్, జార్జియాలో ఆర్.ఇ.ఎం., వాషింగ్టన్‌లో ఫుగాజి బృందాలు వీరి ఋణాన్ని అంగీకరించినవి. రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ బృందం 1984లో తమ మొదటి రికార్డు నిర్మాణానికి గిల్‌నే కోరినది. నిర్వానా నాయకుడు కర్ట్ కొబేన్ తన ఏబది ప్రియమైన ఆల్బముల జాబితాలో ‘ఎంటర్‌టైన్‌మెంట్!’ పేరు వ్రాసుకొన్నాడు. గ్రీల్ మార్కస్ వంటి విమర్శకులు వీరిని గురించి విస్తరించి వ్రాశారు. క్రొత్త శతాబ్ది ప్రారంభంలో లండను, గ్లాస్గో, న్యూయార్కు నగరాలనుండి వచ్చిన యువబృందాలు అనేకం గిల్ గిటారు దెబ్బను, అలెన్ బాస్ నడకను ధరించి వచ్చినవి. ఫ్రాంజ్ ఫెర్డినాండ్ వంటి బృందాల పాటలు చక్కనివే, ఆడించగలవే. అయితే ‘ఈథర్’లో సుఖాన్ని నిలదీసిన ఖాళీ వీటిలో సుఖానికే అలంకారమైనది. కోత మిగిలినది, గాయం లేదు. అనుకరణకు ఇది సహజమైన గతి అని సరిపెట్టుకొనవచ్చు. అయినను శిల్పాన్ని వస్తువునుండి విడదీయవచ్చునని ఆ యువకులు నిరూపించినంత స్పష్టంగా ఏ విమర్శకుడూ నిరూపించలేడు. అప్పుడు మొదటి రికార్డు సాధించినదేమిటన్న ప్రశ్న మరల తలయెత్తుతుంది.

దీనికి విరుద్ధమైన నిదర్శనం కూడ ఉన్నది. 2020లో అమెరికాలోని రన్ ది జ్యూవెల్స్ అనే రాప్ జంట ‘ఈథర్’లోని వాద్యఖండాన్ని తీసుకొని తమ పాటకు ఆధారం చేసుకొన్నది. పోలీసుల దౌర్జన్యంపై ఆగ్రహంతో అమెరికా నగరాలు ఉడికిపోతున్న రోజులలో ఆ రికార్డు వెలువడినది. గిటారు వాయించడం వారి పని కాదు. దాని కోపం వారికి తెలుసు.

అంగడి మాత్రం ఎవరినీ విడువలేదు. తీరిక వేళను, సుఖాన్ని ఏమి చేయవలెనో తెలియని వినియోగదారుని గురించిన ‘నాచురల్స్ నాట్ ఇన్ ఇట్’ అనే పాట 2006లో సోఫియా కొపోలా తీసిన ‘మారీ ఆంత్వానెత్’ చిత్రానికి నాంది అయినది. రాణి పాదాలకు పాదరక్షలు తొడుగుతుండగా ఆమె కేకు రుచి చూచే దృశ్యం అది. అక్కడ ఔచిత్యం ఉన్నది. కొన్ని సంవత్సరాల తరువాత అదే పాట మైక్రోసాఫ్ట్ సంస్థవారి ఆటయంత్రపు వ్యాపార ప్రకటనలో వినిపించినది. అట్ట మీది కౌబాయ్ ఈసారి ఎవరి చేయి పట్టుకొన్నాడో చెప్పుట కష్టం. 2005లో మొదటి నలుగురూ తిరిగి కలసి, తమ పాత పాటలనే మరల పాడి ‘రిటర్న్ ది గిఫ్ట్’ అనే పేరున ప్రకటించినది కూడ ఈ సందర్భంలో చూడవలసినదే. పాత ముద్రణలపై స్వామ్యం పాత సంస్థదే కనుక, తమ పాటలను తామే తిరిగి తయారుచేసుకొన్నారు. సంగీతం దృష్ట్యా ఆ రికార్డు అనవసరం. శ్రమ ఎవరిది, ఫలమెవరిది అన్న తమ ప్రశ్నను వారు తమ పాటలకే అన్వయించుకొన్నారన్నంతవరకు దానికి విలువ ఉన్నది.

2012లో కింగ్ నిష్క్రమించాడు. గిల్ క్రొత్తవారితో బృందాన్ని నడిపి, 2020 ఫిబ్రవరి 1వ తేదీన, 64వ యేట, లండనులో మరణించాడు. మరుసటి యేడు అనేక దేశాల సంగీతకారులు అతని పాటలను పాడి ఒక స్మారక ఆల్బము వెలువరించారు. 2025 వసంతంలో కింగ్, బర్న్‌హామ్ ఇద్దరూ వీడ్కోలు పర్యటనగా ఉత్తర అమెరికాకు వెళ్ళారు. ఆ పర్యటన ఆరంభం కావడానికి కొద్ది రోజుల ముందు, ఏప్రిల్ 5వ తేదీన, అలెన్ మరణించాడు. అతని చోట గెయిల్ గ్రీన్‌వుడ్, గిల్ చోట టెడ్ లియో వాయించారు. ఆ సభలలో ‘ఎంటర్‌టైన్‌మెంట్!’ పాటలను మొదటినుండి చివరివరకు వినిపించారు. గిల్ విడిచిన ఖాళీలను టెడ్ లియో పూరింపక, ఖాళీలుగానే వాయింపవలసి వచ్చినది.